తలకు 33 డాలర్లు

2020 జూన్ మొదటి వారం. టెక్సాస్‌లో విక్టోరియా దాటి గోలియాడ్ వైపు పోయే రోడ్డు పక్కన, ఒక బీడు గేటు దగ్గర కారు ఆపుకుని కూర్చున్నాను. ముఖానికి మాస్కు, ఒళ్లో లాప్‌టాప్. ఆరడుగుల అవతల పికప్ ట్రక్కు వెనక తలుపు దించుకుని దాని మీద పెద్దాయన కూర్చున్నాడు. వయసు 78. చొక్కా జేబులో ఎర్ర అట్ట చిన్న పుస్తకం. కంచె అవతల నుంచి మూపురం ఉన్న ఆవులు మా ఇద్దర్నీ తేరిపార చూస్తున్నాయి.

"ఏప్రిల్ 16 నుంచి మే 14 లోపల మీ దగ్గర అన్నిటికంటే ఎక్కువ గొడ్లు ఉన్నది ఏ రోజు?" అని అడిగాను.

ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఎక్కువ అంటే, మేడమ్, ఉన్నవా, కనబడేవా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ పొలంలో సగం మెస్కీట్ ముళ్లతుప్పే. మన తుమ్మలాంటి చెట్టు. ఈనిన ఆవు దూడని తుప్పలో దాచి మూడు రోజులు బయటికి రాదు. అలాంటి చోట "ఫలానా రోజు ఎన్ని" అని ఎవరైనా అడిగితే నిజాయితీగల మనిషి అడగాల్సిన ప్రశ్న అదే.

ఆ ఎండాకాలమంతా నేను చేసిన పని ఇలా గేట్ల దగ్గర కూర్చుని గొడ్లు లెక్కపెట్టించడం. మాది ప్రకాశం జిల్లా, ఒంగోలు పక్క పల్లె. పెళ్లయ్యాక టెక్సాస్ వచ్చాను. మా ఆయన ఇక్కడ ఒక కెమికల్ ప్లాంటులో ఇంజినీరు. నాకు పని చేసుకునే అనుమతి వచ్చాక ఒక చిన్న టాక్స్ ఆఫీసులో లెక్కలు రాయడానికి చేరాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది గొడ్లవాళ్లు. వేల ఎకరాల రాంచులు కావు. 50 ఆవులు, 100 ఆవులు, పగలు ఎక్కడో ఉద్యోగం, సాయంత్రం గడ్డిమోపులు. కరోనా వచ్చాక ఆఫీసు మూశారు, టాక్స్ గడువు జులై 15 దాకా పొడిగించారు. మా ఓనరమ్మ ఫోన్ చేసి, "ఇంటర్నెట్ లేని ముసలోళ్లు నలుగురైదుగురున్నారు, కరోనా నష్టానికి రైతులకిచ్చే ఈ ప్రభుత్వం డబ్బుల కాగితాలు నువ్వు వెళ్లి పూర్తి చేసి వస్తావా?" అంది. ఇంట్లో కూర్చుని పిచ్చెక్కుతోంది కాబట్టి సరేనన్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ కోస్తా టెక్సాస్‌లో కనబడే మూపురపు ఆవులకి బ్రాహ్మన్ అని పేరు. ఇండియా నుంచి పంతొమ్మిదో శతాబ్దంలోనూ, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ తెచ్చిన కొద్దిపాటి గొడ్ల నుంచి తయారైన జాతి అది. అందులో గిర్, గుజరాత్ రకాలతో పాటు నెల్లూరు అనే పేరుతో మన ఒంగోలు రక్తం కూడా ఉంది. ఈ వేడికీ పిడుదులకీ తట్టుకుంటాయని తెచ్చుకున్నారు. మొదటిసారి చూసినప్పుడు ఆ గంగడోలు, ఆ వాలిన చెవులు చూసి కారు ఆపి ఏడ్చినంత పని చేశాను. మా ఆయన ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతాడు.

సరే, డబ్బుల సంగతి. 2020 మార్చి 27న కరోనా సాయం కోసం కేర్స్ చట్టం వచ్చింది. ఏప్రిల్ 17న వ్యవసాయ మంత్రి సన్నీ పెర్డ్యూ 1,900 కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించాడు. అందులో 1,600 కోట్లు నేరుగా రైతులకి. మిగతా 300 కోట్లతో పాలు, మాంసం, కూరగాయలు కొని పెట్టెల్లో పెట్టి పేదలకి పంచడం. రైతులకిచ్చే దానికి పెద్ద పేరేదో ఉంది కానీ ఇక్కడ అందరూ 'సీఫ్యాప్' అనే అన్నారు. మే 26న దరఖాస్తులు మొదలయ్యాయి. వ్యవసాయ శాఖ కౌంటీ (మన జిల్లాలాంటిది) ఆఫీసులు తలుపులు వేసుకుని ఫోన్లో మాత్రమే మాట్లాడేవి. కాగితాలు తలుపు పక్కన డబ్బాలో వేసి రావాలి.

గొడ్లకి రెండు లెక్కలు పెట్టారు. జనవరి 15 నాటికి నీవైన గొడ్లనీ, వాటికి పుట్టిన దూడల్నీ ఏప్రిల్ 15 లోపల అమ్మి ఉంటే ఒక రేటు: 600 పౌండ్ల లోపు దూడకి 102 డాలర్లు, ఆ పైన బరువుంటే 139, బాగా మేపి కోతకి సిద్ధం చేసినదానికి 214, వయసు మళ్లి తీసేసిన ఆవుకి 92. అమ్మకుండా ఉంచుకున్నవాటికి రెండో రేటు: ఏప్రిల్ 16 నుంచి మే 14 లోపల నువ్వు ఎంచుకున్న ఒక రోజున నీ దగ్గర ఎన్ని ఉంటే అన్నిటికీ, ఆవయినా ఎద్దయినా నిన్న పుట్టిన దూడయినా, తలకు 33 డాలర్లు.

రెండు రేట్లు ఎందుకంటే డబ్బు రెండు సంచుల్లోంచి వస్తోంది. కేర్స్ చట్టం డబ్బు ఏప్రిల్ మధ్యకల్లా జరిగిపోయిన నష్టానికి. రెండోది కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ అని 1933 నుంచి ఉన్న ప్రభుత్వ సంస్థది, జరగబోయే నష్టానికి. కాగితం మీద ఇది బాగానే ఉంది. సంతలో ఎలా ఉందో చెప్తాను.

మా వైపు గొడ్ల వేలం మంగళవారం. నా లిస్టులో ఇద్దరున్నారు, పక్కపక్క పొలాలు, ఒకరి దున్నపోతులాంటి ఎద్దు ఇంకొకరి కంచె దూకి తగువులు పెట్టేంత పక్కపక్క. ఇద్దరూ ఈస్టర్ అయ్యాక దూడల్ని అమ్మేద్దామనుకున్నారు, చెరి ముప్పై. ఒకాయన ఏప్రిల్ 14న తోలుకెళ్లాడు. రెండో ఆయన ట్రైలర్ టైరు ఆ పొద్దున దారిలో పేలింది. దూడల్ని వెనక్కి తెచ్చి మళ్లీ దొడ్డిలో వేశాడు, వచ్చే మంగళవారం చూద్దామని. 21న అమ్మాడు. ఆ రెండు వారాలకీ వేలంలో ధర దాదాపు ఒకటే. ఇద్దరూ ఒకేలా మునిగారు. మొదటాయనకి ముప్పై నూట రెండ్లు, 3,060 డాలర్లు. రెండో ఆయనకి ముప్పై ముప్ఫైమూళ్లు, 990. టైరు ఖరీదు 2,070 డాలర్లు అని ఆయన చెప్పుకునేవాడు. ఏప్రిల్లో ఆ తేదీలు పెడతారని ఇద్దరిలో ఎవరికీ తెలీదు. ఎవరూ తెలివి చూపించింది లేదు, ఎవరూ తప్పు చేసింది లేదు.

ఇంతకీ ధర ఎందుకు పడిందంటే, మాంసం తినేవాళ్లు తగ్గి కాదు. హోటళ్లు మూతపడ్డాయి, నిజమే. కానీ ఏప్రిల్లో అసలు దెబ్బ కోత ఫ్యాక్టరీల దగ్గర తగిలింది. పక్కపక్కన నిలబడి పనిచేసే కూలీలకి వరసగా కరోనా సోకింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, తెరిచినవి సగం వేగంతో నడిచాయి. ఈ దేశంలో మేపి అమ్మే పశువుల్లో 80 శాతానికి పైగా నాలుగే నాలుగు కంపెనీల చేతుల్లోంచి పోతాయి. ఆ గొంతు మూసుకుంటే ఇటు గొడ్డు అమ్ముడుపోదు, అటు కొట్లో మాంసం దొరకదు. మే నెలలో టోకు మాంసం ధర మునుపెన్నడూ లేనంత పైకి పోయింది. అదే నెలలో మా పెద్దాయన, "నా ఆవుని నేను అమ్మిన ధరకి దాని మాంసం నేను కొనుక్కోలేను" అన్నాడు. ఏప్రిల్ 28న అధ్యక్షుడు యుద్ధకాలపు చట్టం ఒకటి వాడి ఫ్యాక్టరీలు నడపాలని ఆదేశం ఇచ్చాడు. కూలీల సంగతి ఎవరు చూశారో నేను ఇక్కడ రాయబోవడం లేదు, అది వేరే కథ, దాన్ని రాయాల్సింది నేను కాదు.

పెద్దాయన పుస్తకం దగ్గరికి వస్తాను. దాణా కొట్టువాళ్లు క్రిస్మస్‌కి ఊరికే ఇచ్చే పుస్తకం అది, చొక్కా జేబులో పట్టేంత. పెన్సిల్ రాత. "ఫిబ్రవరి 9, మచ్చ నుదురుది, కోడె." "మార్చి 2, 114 నంబరుది ఈనలేదు, సంతకి." ఏ పేజీలోనూ డాలర్ గుర్తు లేదు. వేలం రసీదులు మాత్రం బూట్ల అట్టపెట్టెలో ఉన్నాయి. వాటిని నేను సంవత్సరాలవారీగా సర్దుతుంటే, చనిపోయిన భార్య చేతిరాత ఉన్న రసీదులు వచ్చినప్పుడల్లా ఆయన చేయి చాచి అవి తీసి పక్కన పెట్టుకున్నాడు. అవి 2011 నాటివి, నాకు అక్కర్లేనివి. నేనేమీ అనలేదు.

రెండు పూటలు పట్టింది. మొదట 84 ఆవులు. ఫిబ్రవరి, మార్చిల్లో తీసేసినవి 5: ఐదు తొంభై రెండ్లు 460. మార్చిలో అమ్మిన 600 పౌండ్ల లోపు దూడలు 22: ఇరవై రెండు నూట రెండ్లు 2,244. ఇక ఉన్నవాటికి పుస్తకం చూసి మే 10 ఎంచుకున్నాం, ఆ రోజుకి ఈతలన్నీ కలిపితే ఎక్కువ. 79 ఆవులు, 3 ఎద్దులు, 41 పిల్లగొడ్లు, మొత్తం 123. తలకు 33 చొప్పున 4,059. అన్నీ కలిపి 6,763 డాలర్లు. అందులో 80 శాతం, అంటే 5,410 డాలర్ల 40 సెంట్లు ముందు ఇస్తారు. డబ్బు అందరికీ చాలదేమోనన్న భయంతో మిగతాది ఆపారు. ఆగస్టులో అది కూడా వేశారు.

రుజువులు ముందే అడగలేదు. రైతు తన లెక్క తానే నిజమని సంతకం పెట్టాలి, తర్వాత ఎప్పుడైనా తనిఖీకి అడిగితే చూపించాలి. ఈ ఒక్క సంగతి వల్లే డబ్బు తొందరగా వచ్చింది. పెద్దాయన కాగితాలు డబ్బాలో వేసిన పదమూడో రోజు బ్యాంకులో పడింది. ఇలాంటివి నిదానంగా చూసి ఇచ్చుంటే కొందరికి దివాలా తర్వాత అందేది. అందుకే ఈ పథకాన్ని నోరారా తిట్టలేను. కానీ అదే వెసులుబాటు వల్ల, పుస్తకం రాసేవాడు పుస్తకంలో ఉన్నంతే అడిగాడు, పుస్తకం లేనివాళ్లలో ఒకడు భయపడి తక్కువ అడిగాడు, ఇంకొకడు భయం లేక... సరే, వాడి కాగితాలు నేను చేయలేదు. "మీరు ఎవరితోనైనా చేయించుకోండి" అని వచ్చేశాను. మా ఓనరమ్మ నన్నేమీ అనలేదు.

ఆ రాత్రి నాన్నతో ఫోన్లో మాట్లాడుతూ ఇదంతా చెప్పాను. నాన్నకి మూడు బర్రెలు, రెండెకరాల సొంత పొలం, ఇంకో మూడెకరాలు కౌలు. ఆ ఏడు శనగలు కోల్డ్ స్టోరేజిలో పెట్టి లాక్‌డౌన్లో బేరం లేక కూర్చున్నాడు.

"ఆవుకి 33 డాలర్లా? అంటే మన డబ్బుల్లో ఎంత?"

"రెండున్నర వేలు నాన్నా, కొంచెం అటూ ఇటూ."

"ఒక్కో ఆవుకా?"

"ఒక్కో ఆవుకి."

కాసేపు మాట లేదు. ఆ మే 15న ఆంధ్రలో రైతు భరోసా మొదటి విడత ఇచ్చారు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ రెండు వేలతో కలిపి 7,500 రూపాయలు. నాన్న నిట్టూర్చి, "అయితే నేను మూడు ఆవులన్నమాట" అన్నాడు.

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. "ఆ ముసలాయన పొలం సొంతమేనా?" కాదు, సగం పైగా లీజు. "మరి డబ్బు పొలం గలాయనకి పోలేదా?" పోలేదు నాన్నా, ఆవు ఎవరిదో వాళ్లకే. "ఏందమ్మా నువ్వు చెప్పేది! కౌలుకి చేసేవాడికే ఇచ్చారా?"

మా ఊళ్లో పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే పీఎం కిసాన్ వాళ్లకే. నాన్న కౌలుకి చేసే మూడెకరాల ఆసామి హైదరాబాదులో ఉంటాడు. ఆయన ఖాతాలో పడుతుంది. ఆయనేమీ చెడ్డవాడు కాదు, సంక్రాంతికి వస్తే బట్టలు కూడా పెడతాడు. కానీ మందు కొట్టింది నాన్న, వాన కోసం ఆకాశం చూసింది నాన్న. ఇక్కడ సీఫ్యాప్ కాగితం మీద అడిగింది ధర పడితే నష్టం ఎవరి నెత్తిన పడుతుందని. నాన్నకి ఆ ఒక్క ముక్క ఎంత నచ్చిందంటే తర్వాత వారం రోజులు ఊళ్లో అందరికీ చెప్పాడట, మా అమ్మాయి అమెరికాలో కౌలు రైతులకి డబ్బిప్పిస్తోందని.

నేను ఆయన ఉత్సాహం చెడగొట్టలేదు. చెప్పాల్సి వస్తే గోంజాలెస్ కౌంటీలో నేను చూసిన ఒకావిడ గురించి చెప్పాలి. నాలుగు కోళ్ల షెడ్లు, ఒక్కోటి ఫుట్‌బాల్ మైదానం కంటే పొడుగు. షెడ్లు ఆవిడవి, వాటి మీద బ్యాంకు అప్పు ఆవిడది, కరెంటు బిల్లు ఆవిడది. కోళ్లు మాత్రం కంపెనీవి. పిల్లల్ని వాళ్లే తెచ్చి దింపుతారు, దాణా వాళ్లే పంపుతారు, పెరిగాక వాళ్లే పట్టుకుపోతారు. ఆ ఏడు ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ మధ్య షెడ్లు మామూలు కంటే వారాలు ఎక్కువ ఖాళీగా ఉన్నాయి. బ్యాచ్ లేకపోతే రాబడి లేదు, వాయిదా మాత్రం ఆగదు. ఫారం చదివి ఆవిడకి చెప్పాల్సింది నేనే: "కోడి మీది కాదు కాబట్టి మీకు లేదు." ఆవిడ, "చచ్చిన కోళ్లని మాత్రం నేనే ఏరాలి కదా" అంది. నష్టం ఎవరిదనే ఆ మంచి ప్రశ్న ధర దగ్గరే ఆగిపోయింది. 2020 డిసెంబరు చివర్లో వచ్చిన చట్టంలో కాంట్రాక్టు మీద పెంచేవాళ్లని చేర్చారు. 2019 రాబడికీ 2020 రాబడికీ తేడాలో 80 శాతం దాకా. దరఖాస్తు పెట్టించింది 2021 సెప్టెంబరులో. అప్పటికి ఆవిడ ఒక షెడ్డు దీపాలార్పేసి, ఊళ్లో బడి బస్సు నడుపుతోంది.

జొన్న రైతుల సంగతి ఇంకా చిత్రం. ఇక్కడ మైలో అంటారు, మన జొన్నే. ఈ కోస్తాలో జులై, ఆగస్టుల్లో కోత అయిపోతుంది. వెంటనే అమ్మేస్తారు, ఈ తేమలో నిల్వ పెడితే పురుగు. సీఫ్యాప్ మాత్రం జనవరి 15 నాటికి ధర తేలకుండా మిగిలిన గింజలకే డబ్బన్నది. నా దగ్గరికొచ్చిన ఇద్దరికి మిగిలింది సున్నా. ఎండుగడ్డి అమ్ముకునేవాళ్లకి అసలే లేదు.

ఇంకో సంగతి, కరోనాలో చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇప్పించిన పీపీపీ అప్పు. పేరుకి అప్పు, చెప్పిన పద్ధతిలో ఖర్చు పెడితే మాఫీ. సొంతంగా వ్యవసాయం చేసుకునేవాడికి మొదట దాన్ని నికర లాభం మీద లెక్కేశారు. ట్రాక్టరు తరుగుదలా, కంచె ఖర్చూ అన్నీ తీసేశాక నికర లాభం మిగిలిన గొడ్లవాడిని నేను ఆ ఏడు చూడలేదు. పెద్దాయన కాగితం మీద మైనస్. మైనస్‌కి అప్పు సున్నా. డిసెంబరు చట్టంలో అది మార్చి, మొత్తం అమ్మకం మీద లెక్క వేయమన్నారు, గరిష్ఠం 20,833 డాలర్లు. ఆయనకి దూడల అమ్మకం 49,200. పన్నెండుతో భాగించి రెండున్నరతో గుణిస్తే 10,250. నేను సంబరంగా ఫోన్ చేశాను.

"అప్పు అంటున్నావు కదా?"

"మాఫీ అయిపోతుందండీ."

"మాఫీ అయ్యేదాకా అది అప్పేనా?"

"అప్పే."

"అయితే వద్దు, మేడమ్."

ఎనభైల్లో వడ్డీలు పెరిగినప్పుడు వాళ్ల నాన్న పొలంలో సగం పోయిందట. ఎంత చెప్పినా వినలేదు. పదివేల డాలర్లు! మా ఆయన అయితే "నువ్వు సరిగ్గా చెప్పలేదేమో" అన్నాడు. ఆ మాటకి మా ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు.

పెద్ద కమతాల వాళ్ల సంగతి పేపర్లలో అందరూ చదివే ఉంటారు. సీఫ్యాప్‌లో ఒక మనిషికి పరిమితి 2,50,000 డాలర్లు. కంపెనీగా రాయించుకుని ముగ్గురు సభ్యులు ఒక్కొక్కరు 400 గంటలు పనిచేశామంటే 7,50,000 దాకా. మొత్తం మీద ఆ ఏడు రైతులకి ప్రభుత్వం నేరుగా ఇచ్చిన డబ్బు, ఇవీ వేరే పథకాలూ అన్నీ కలిపి, 4,500 కోట్ల డాలర్లు దాటింది. తలకింత, బుషెల్‌కింత (ఇక్కడ గింజల కొలత) అని ఇస్తే తలలూ బుషెళ్లూ ఎక్కువున్నవాడికి ఎక్కువ పోతుంది, అందులో ఆశ్చర్యమేముంది. నేను చూసినవాళ్లలో ఎక్కువ మందికి వచ్చింది ఐదు నుంచి పదివేలు. ఆ డబ్బుతో ఒకాయన బోరు మోటారు మార్చాడు, ఒకాయన ఆసుపత్రి బాకీ కట్టాడు. ఫిబ్రవరిలో మా దగ్గరికొచ్చాక ఆ డబ్బు మీద కూడా టాక్స్ కట్టాలని తెలిసి ఇద్దరూ నన్నే తిట్టారు.

సెప్టెంబరులో రెండో సీఫ్యాప్ ప్రకటించారు. 21న మొదలు, డిసెంబరు 11 ఆఖరు. ఈసారి గొడ్డుకి 55 డాలర్లు, ఏప్రిల్ 16 నుంచి ఆగస్టు 31 లోపల ఒక రోజు లెక్క. కానీ ఈత కోసం ఉంచుకున్న ఆవులూ ఎద్దులూ లెక్కలోకి రావు, అమ్మకానికి పెంచేవే. గుర్రాల్లేవు, వేటకోసం పెంచే జింకల్లాంటివీ లేవు. అవి ఇక్కడ పెద్ద వ్యాపారమే.

మళ్లీ అదే గేటు. ఎండ తగ్గింది, దోమలు పెరిగాయి. పుస్తకం ప్రకారం ఆగస్టు ఆఖరుకి ఆయన దగ్గర పిల్లగొడ్లు 58. నేను 58 అని కొట్టబోతుంటే ఆయన ఆగమన్నాడు. అందులో ఏడు పెయ్యలున్నాయి, ఏడాది దాటినవి.

"అవి అమ్మేవా, ఉంచుకునేవా?" అన్నాను.

"వానని బట్టి."

"ఫారంలో వాన గడి లేదండీ. అమ్మకానికా, ఈతకా?"

ఆయన చాలాసేపు వాటిని చూశాడు. నాకు మాత్రం అన్నీ ఒకేలా కనిపించాయి. ఒకదాని మూపురం కొంచెం పక్కకి వాలి ఉంది, అంతే తేడా. "ఆగస్టులో నా మనసులో ఉంచుకోవాలనే ఉంది. వాటి తల్లులు మంచివి" అన్నాడు. "ఇప్పుడైతే తెలీదు."

ఇప్పుడు తెలీదంటే అమ్మకానికని రాయొచ్చు, ఎవరూ అడగరు, అని నేను అనలేదు కానీ నా ముఖం అన్నట్టుంది. ఏడు యాభై ఐదులు 385 డాలర్లు. ఆయన ఏడూ తీసేయమన్నాడు. 51 రాశాను. 2,805 డాలర్లు.

ఆ శరదృతువు మా వైపు వాన మొహం చాటేసింది. నవంబరులో గడ్డి అయిపోయింది, ఎండుగడ్డి మోపు ధర చూసి ఆయన ఆ ఏడు పెయ్యల్నీ సంతకి తోలేశాడు. నాకు ఆ సంగతి థాంక్స్ గివింగ్ ముందు వారం తెలిసింది. గడువు ఇంకా ఉంది కదా, అవి అమ్మేశారు కదా, ఆఫీసుకి ఫోన్ చేసి దరఖాస్తు దిద్దించొచ్చేమో అడుగుతానన్నాను. పుస్తకం తీసి ఆగస్టు పేజీ చూపించాడు. పెన్సిల్‌తో ఏడు నంబర్లు, వాటి పక్కన "ఉంచు" అని ఒక్క మాట. "ఆ రోజుకి అదే నిజం, మేడమ్" అని పుస్తకం జేబులో పెట్టుకున్నాడు.

2021 ఏప్రిల్లో ఆయనకి ఇంకో 1,701 డాలర్ల 50 సెంట్లు వచ్చాయి. మొదటి సీఫ్యాప్‌లో ఉన్న గొడ్లకి డిసెంబరు చట్టం కలిపిన అదనం. కొత్త కాగితమేదీ అడగకుండానే ఖాతాలో పడ్డాయి. పొరపాటున పడ్డాయేమోనని ఆయన నాలుగు రోజులు ముట్టుకోలేదు. టైరు పేలినాయనకీ దూడకి ఏడు డాలర్ల చొప్పున 210 వచ్చాయి. టైరు ఖరీదు ఇప్పుడు 1,860 అని దిద్దుకున్నాడు.

నాన్నకి ఆ పెయ్యల కథ చెప్పాను. 385 డాలర్ల గురించో, ఆయన నిజాయితీ గురించో ఏదో అంటాడనుకున్నాను.

"ఏడూ ఒకే వారం అమ్మాడా? ఎంతకి పోయినయ్యంట?" అన్నాడు.

ఆ సంగతి నేను అడగనేలేదు.